కుబూ దారి ఇసుకలో ముగ్గురం

బోట్స్వానా వెళ్లింది సరళను చూడటానికి. కోటబొమ్మాళి పిల్ల, శ్రీకాకుళం కాలేజీలో నా పక్క బెంచీ, పదేళ్లుగా ఆ దేశ రాజధాని గాబరోన్‌లో లెక్కల టీచరు. మరో స్నేహితురాలు లక్ష్మి విజయనగరం నుంచి వచ్చింది. జూలైలో ఇద్దరం పది రోజులు సెలవు పెట్టి వెళ్లాం. గురువారం అన్నాలు తింటుండగా, ఉప్పు మైదానాల మధ్య కుబూ అనే రాళ్ల దిబ్బ ఉందని సరళ చెప్పింది. "రేపే ఎల్పోదామే!" అంది. "మరి రూములు?" అన్నాను. "అక్కడికెల్లాక సూసుకుందాం. అన్నీ కాయితం మీద రాసుకుని బతికేదానివి నువ్వొక్కర్తివే." ఆ మాటకు ఉడుక్కుని ఒప్పుకున్నాను. లేకపోతే వెళ్లేదాన్ని కాదేమో.

తెల్లవారి ఐదింటికి బయల్దేరాం. పలాప్యే, సెరోవె మీదుగా లెట్లకానె దాకా సుమారు అయిదు వందల కిలోమీటర్లు, అంతా తారు రోడ్డే. పదకొండుకల్లా చేరాం. రానూపోనూ పెట్రోలుకు పదిహేను వందల పులా అనుకోండి. పులా అంటే మనకు ఆరు రూపాయల పైచిలుకు. అక్కణ్ణుంచి మ్మాట్షుమో అనే పల్లె. అది దాటితే ఇసుక దారే. పల్లెలో నలేది అనే ఆవిడ మన బోండాల్లాంటి మగ్విన్యా వేస్తోంది, ఒక్కోటి రెండు పులా. అక్కడ ఆడవాళ్లను గౌరవంగా "మ్మా" అంటారు. "అమ్మా అంటన్నారేటే!" అని లక్ష్మి మురిసిపోయి ఆ మ్మా నలేదితో అరగంట కబుర్లాడింది. పన్నెండున్నరకు లేచాం. కుబూ చూసుకుని ఉత్తరాన ఉన్న గ్వేటా అనే ఊరు చేరాలి. వెనక్కి వచ్చే పని లేదు.

గంట తర్వాత దారి రెండుగా చీలింది. మ్యాపు నా చేతిలో ఉంది. ఎడమది గట్టిగా కనిపిస్తోంది, అటు తిప్పమని సరళతో అన్నాను. పది నిమిషాల్లో, కళింగపట్నం బీచిలో బండి దిగబడినట్టు, వెనక చక్రాలు కూరుకుపోయాయి.

"దిగిపోనాది," అంది సరళ.

"ఇంక తొక్కకే, ఇరుసు దాకా పోతాది!" అని లక్ష్మి అరిచింది.

సిగ్నల్ లేదు. నీళ్లు రెండు లీటర్లు. గ్వేటాలో గది బుక్ చేయలేదు, కాబట్టి మేం రాలేదని అక్కడ ఎవరికీ తెలియదు. సరళ భర్తకు ఉత్తరానికి వెళ్తున్నామని మాత్రమే తెలుసు. అక్కడ జూలై అంటే చలికాలం, ఆరు కాకుండానే పొద్దు వాలిపోతుంది.

"సింహాలుంటాయేటే?" అన్నాను.

"తక్కువే," అంది సరళ.

"తక్కువంటే ఎన్నే?" అంది లక్ష్మి.

ఎడమకు తిప్పమన్నది నేనే. లక్ష్మికి ఇద్దరు పిల్లలు. వాళ్లకేమని చెప్పాలో మనసులో వాక్యాలు కట్టుకుంటున్నాను.

నాలుగున్నరకు పికప్ బండి చప్పుడు వినిపించింది. మా చక్రాల జాడ చూసుకుంటూ వచ్చిన పెద్దాయన దిగి, ఇంగ్లీషులో అన్నాడు: "మా అక్క పంపింది. ముగ్గురు ఇండియా ఆడవాళ్లు భోజనానికి వస్తామన్నారట. మూడు దాటినా రాలేదట. కూర చల్లారిపోయింది."

భోజనమేమిటో మాకు అంతుబట్టలేదు. అంతలో లక్ష్మి నోటి మీద చెయ్యి వేసుకుంది. "ఒసే! లేసినప్పుడు 'వి విల్ కమ్, మ్మా' అనీసినానే!"

గడప దాటుతూ 'వెళ్తాం' అనకూడదు కదా, అలవాటుగా నోట వచ్చే 'ఎల్లొస్తాం'ను ఇంగ్లీషులోకి దించేసింది. మ్మా నలేది ఆ మాట నమ్మి మరో ముగ్గురికి వండింది.

ఆయన మొదట నాలుగు టైర్లలోనూ సగం గాలి తీశాడు, తర్వాత ఇసుక తోడి కొమ్మలు పరిచాడు. రెండో ప్రయత్నానికి బండి కదిలింది. చీకటి పడేలోగా పల్లెకు చేరి జొన్న సంకటి, కోడికూర తిన్నాం. ఆలస్యమైందని మ్మా నలేది చీవాట్లు పెట్టింది. అసలు సంగతి చెప్పడానికి మాకు నోరు రాలేదు. రాత్రి ఆవిడ ముందుగదిలోనే పడుకున్నాం.

కుబూ చూడలేదు. పొద్దున ఇంటిదారి పడుతుంటే ఆవిడ అడిగింది, "మధ్యాహ్నానికి వస్తారా?" "లేదు మ్మా, వెళ్తున్నాం," అన్నాను. లక్ష్మి నా చెయ్యి గిల్లింది. "ఆ మాటేటే, అపశకునం!"

మాకు తెలియకుండా ఆడిన అబద్ధం మమ్మల్ని కాపాడిందా, లేక ఒక మనిషి దాన్ని నమ్మడం కాపాడిందా అని ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. మీరు వెళ్తే ఒక్కటి మరవకండి. ఇసుక దారి ఎక్కేముందే రాత్రికి గది మాట్లాడుకుని, ఏ దారిన వస్తున్నారో, ఎన్నింటికి చేరతారో అక్కడివాళ్లకు ఫోన్లో చెప్పండి. మీరు రాకపోతే కూర చల్లారిందని విసుక్కునే మనిషి ఒకరుండాలి.