గండిపేట ఒడ్డున సున్నపు గీతలు

1969 వేసవి మొదట్లో, చేవెళ్ల సమితిలో వ్యవసాయ విస్తరణాధికారిగా ఉన్న నన్ను చిల్కూరు దగ్గర, గండిపేట చెరువు ఒడ్డున ఉన్న ఒక పాత బంగళాకు పంపారు. విస్తరణాధికారి అంటే శాఖకూ రైతుకూ మధ్య తిరిగే మనిషి. కొత్త విత్తనాలు, కొత్త పద్ధతులు ఊళ్లకు చేరవేయాలి, ఊళ్ల ఇబ్బందులు పైకి రాయాలి. పేరులో అధికారి ఉన్నాడు కానీ, మాకున్న వాహనం సైకిలే.

ఆ బంగళా ఒక చర్చి కమిటీ చేతిలో ఉండేది. ఏళ్ల తరబడి ఎవరూ ఉండక పెంకులు జారిపోయాయి, చుట్టూ సర్కారు తుమ్మ అల్లుకుపోయింది. తల్లిదండ్రులు లేని పిల్లల కోసం అక్కడ హాస్టల్ పెట్టాలనీ, పిల్లల తిండి ఆ నేల మీదే పండాలనీ కమిటీ ఆలోచన. బంగళా మిట్ట మీద ఉంది, నేల అక్కడి నుంచి చెరువు దాకా వాలుగా దిగుతుంది. నగరానికి తాగునీరిచ్చే చెరువు కాబట్టి, వాలు మట్టి వానకు కొట్టుకుపోయి అందులో పడకూడదని మా శాఖకూ పట్టింపు ఉండేది. అందుకే నన్నిచ్చారు.

నేను వేసిన ప్లాను ఇది. వాలుకు అడ్డంగా మూడు కందకాలు. వాటి దిగువ గట్ల మీద సీతాఫలం, జామ, మునగ. చెట్ల మధ్య నేల ఎండకుండా ఉలవ, కంది. వంటింటి నీళ్లు అరటి గుంతకు, పశువుల పేడ ఎరువు గుంతకు, అన్నిటికన్నా కింద బాతులు. ఒకచోట మిగిలింది ఇంకోచోట పనికి రావాలి. ఇప్పుడు దీన్ని పర్మాకల్చర్ అంటున్నారని మా మనవరాలు చెప్పింది. మేము ఇంటి సాగు అనేవాళ్లం, అంత గొప్ప పేరు మాకు తట్టలేదు.

తవ్వడానికి కూలీలు కాదు, వాలంటీర్లు. ప్రత్యేక తెలంగాణ ఉద్యమం వల్ల కాలేజీలు మూతపడ్డాయి. ముడిమ్యాల, ఆలూరు, చేవెళ్లల నుంచి చర్చి యువజన సంఘం కుర్రాళ్లు పొద్దున బస్సుకు మొయినాబాద్‌లో దిగి, నడిచి వచ్చేవారు. పిల్లలు ఊరేగింపుల్లో దెబ్బలు తినకుండా ఇక్కడ పలుగు పడతారని పాస్టరు గారి ఆశ. వాళ్లు మాత్రం రెండూ చేసేవారు.

నాది తెనాలి దగ్గర పల్లె. ఆ ఏడు చేవెళ్లలో ఆ సంగతి దాచడం నా వల్ల కాలేదు. నోరు తెరిస్తే ఊరు తెలిసిపోయేది. హోటల్లో టీ అడిగితే ఇచ్చేవారు, నా బల్ల దగ్గర మాత్రం ఎవరూ కూర్చునేవారు కాదు. మా ప్రాంతం నుంచి వచ్చిన ఉద్యోగులు ఒక్కొక్కరే సెలవు పెట్టి వెళ్లిపోయారు. నన్నూ రమ్మన్నారు. కందకాలు తొలి వానకు ముందు పూర్తి కాకపోతే వాలంతా చెరువులోకి జారుతుంది, కమిటీ ఆ స్థలాన్ని కౌలుకు ఇచ్చేస్తుంది, హాస్టల్ మాట అక్కడితో ఆగిపోతుంది. వెళ్లకపోవడానికి కారణం అదేనని అందరికీ చెప్పాను. కొంత మొండితనం కూడా ఉంది.

వాళ్ల కోపంలో న్యాయం లేదని నేను ఏనాడూ అనలేదు. స్థానికులకు దక్కాల్సిన ఉద్యోగాలు బయటివాళ్లకు పోతున్నాయన్నది వాళ్ల ఫిర్యాదు. నేను కూర్చున్న కుర్చీ అలాంటిదే.

మొదటి కందకం సగంలో ఉండగా ఒకరోజు ఎవరూ రాలేదు. మర్నాడూ రాలేదు. స్థానికేతర అధికారుల కింద పని చేయకూడదని విద్యార్థులు తీర్మానించుకున్నారట. ఈ మాట చెప్పింది రూతమ్మ. ఆమె బంగళా చూసుకోవడానికి కమిటీ ఆ మధ్యే పెట్టిన పెద్దావిడ, మిషన్ దవాఖానలో ఆయాగా చేసి మానుకుంది. కుర్రాళ్లందరికీ ఆమె అవ్వ. నేను రూతమ్మ గారూ అని పిలిస్తే, అంత పెద్ద పిలుపు తనకెందుకని నవ్వేది. ఉపాయం కూడా ఆమెదే.

"మీరు పొద్దుగాల గీత గీసి లోపల్కి పోండ్రి సారూ. వాళ్లొచ్చి తవ్వి పోతరు. మీరు కనవడొద్దు, అంతే. వాళ్ల మాట నిలుస్తది, మీ పని గూడ అయితది."

అలాగే ఒప్పుకున్నాను. కందకం గీయడంలో ఒక మెలిక ఉంది. అది తిన్నగా ఉండనక్కర్లేదు, పొడుగునా ఒకే మట్టంలో ఉంటే చాలు. వాలు ఎటు తిరిగితే గీత అటు తిరుగుతుంది. ఒక్కచోట దిగినా నీళ్లన్నీ అక్కడికే చేరి గట్టు తెంచేస్తాయి. మట్టం చూడటానికి మాకు డంపీ లెవెల్ అనే దుర్భిణి ఉండేది. దానికి ఇద్దరు కావాలి, ఒకరు చూడటానికి, దూరంగా కొలత కర్ర పట్టుకోవడానికి ఇంకొకరు. రెండో మనిషి నాకు లేడు. మూడు కర్రలను ఇంగ్లీషు ‘ఏ’ అక్షరంలా కట్టి, పైనుంచి దారానికి రాయి వేలాడదీశాను. దారం అడ్డకర్ర మీది గుర్తుకు తగిలితే రెండు కాళ్లూ ఒకే మట్టంలో ఉన్నట్టు. కర్రను తిప్పుకుంటూ, పుల్లలు పాతుకుంటూ వెళ్లి, పుల్లల వెంట సున్నం చల్లేవాణ్ని. ఒంటరివాడికి సరిపోయిన పనిముట్టు అది.

తెల్లవారగానే గీత గీయడం, బస్సు వేళకు లోపలికి వెళ్లి తలుపు వేసుకోవడం. గదికి చెక్క పలకల కిటికీ ఉండేది. సందులోంచి వాళ్ల వీపులు, పైకి లేచే పలుగులు కనిపించేవి. మధ్యాహ్నం ప్రార్థన చేసుకుని సద్ది విప్పేవారు. ఒకడి పచ్చడి ఇంకొకడు లాక్కోవడం, దానికి తిట్లు, నవ్వులు. వాళ్లలో ఎవరు బద్ధకస్తుడో, ఎవరికి పాట వచ్చో నాకు తెలుసు. నా గొంతు మాత్రం వాళ్లలో ఎవరూ రోజుల తరబడి వినలేదు. గోడకు ఇవతల కూర్చుని నేనూ అన్నం తినేవాణ్ని. వాళ్లు నవ్వినప్పుడు సంగతేమిటో తెలియకుండానే నేనూ నవ్విన రోజులున్నాయి. ఇరవై ఆరేళ్ల వయసులో అది చిన్న శిక్ష కాదు.

వాళ్లు వెళ్లాక కందకం వెంట నడిచేవాణ్ని. తవ్వింది చాలామటుకు గీత మీదే ఉండేది. గట్టు బాగా కుదించారంటే సంతోషమేసేది, చెప్పడానికి వాళ్లు ఉండరు. ఆ సంతోషాన్ని రూతమ్మకు చెప్పేవాణ్ని. ఆమె మర్నాడు వాళ్లకు చెప్పేదో లేదో అడగలేదు.

మూడో కందకం దగ్గర చిక్కు వచ్చింది. నేల కింద పరుపు బండ తగిలింది. కుర్రాళ్లు బండను తప్పించి, దిగువ నుంచి వంపు తిప్పి తవ్వుకుపోయారు. ఎవరైనా అదే చేస్తారు. నా ‘ఏ’ కర్ర పెట్టి చూస్తే ఆ వంపు దగ్గర మట్టం జానెడు దిగింది. పెద్ద వాన పడితే అటు నీళ్లూ ఇటు నీళ్లూ అక్కడే చేరతాయి, గట్టు తెగుతుంది, దిగువ నేల మొత్తం చెరువు పాలవుతుంది. వంపు పూడ్చి, బండకు రెండు వైపులా కందకం మూసెయ్యాలి. అప్పుడు ఏ ముక్క నీళ్లు ఆ ముక్కలోనే నిలుస్తాయి.

రూతమ్మతో చెప్పి పంపాను. బండను తలతో గుద్దుకుంటమా అని నవ్వారట. కొత్తగా సున్నం గీశాను. దాన్ని తొక్కుకుంటూ ముందుకు తవ్వుకుపోయారు. తవ్విన గుంత మళ్లీ పూడ్చమంటే ఎవరికి ఇష్టం, అందులోనూ తలుపు చాటు మనిషి మాట విని. పడమట మబ్బులు పట్టడం మొదలైంది. తలుపు తీసుకుని వెళ్లి చెబుదామా అని ఎన్నోసార్లు గడియ మీద చెయ్యి వేశాను. వెళితే మాట తప్పినట్టు, వాళ్లు పలుగులు పడేసి పోతారు. వెళ్లకపోతే వాన పని వాన చేస్తుంది.

చివరకు నాకు తట్టిందొకటే. మిట్ట మీది బావికి శాఖ ఆయిల్ ఇంజను ఇచ్చింది. ఒకరోజు తెల్లవారగానే ఇంజను తిప్పి, కాలువ తీసి, నీళ్లను మూడో కందకంలోకి వదిలాను. బస్సు వేళకు ఆపి లోపలికి వచ్చి కూర్చున్నాను.

కుర్రాళ్లు వచ్చారు. కిటికీ సందులోంచి చూస్తున్నాను. వంపు దగ్గర నీళ్లు అంచు దాకా నిండి, గట్టు మెత్తబడి, కిందికి సన్నగా ధార కడుతోంది. రెండు కొసలూ పొడిగా ఉన్నాయి. వాళ్లు గట్టు వెంట నడుస్తూ చూశారు. ఒకడు వెళ్లి పొడి కొసలో కూర్చుని ఇటు చూశాడు. ఎవరూ నవ్వలేదు.

తర్వాత తలుపు చప్పుడైంది. వచ్చినవాడు ఇమ్మానుయేలు. ఆలూరు వాడు, వాళ్ల నాయకుడు, డిగ్రీ చదువుతున్నాడు. అతన్ని ఎదురుగా చూడటం తీర్మానం తర్వాత అదే మొదలు.

"సార్, జర బయటికొచ్చి చూడుండ్రి. ఎట్ల సరిజేద్దాం?"

వెళ్లాను. వెలుతురుకు కళ్లు చికిలించాను. ‘ఏ’ కర్ర తెచ్చి, దారం ఎక్కడ తగలాలో చూపించాను. కర్ర ఇమ్మానుయేలు తనే పట్టుకుని తిప్పాడు, రెండు అడుగులకే పట్టు దొరికింది. వంపు పూడ్చాం, బండకు అటూ ఇటూ మట్టి వేసి తొక్కాం. నేనూ తట్ట మోశాను, ఎవరూ వద్దనలేదు. ఒక కుర్రాడు నాకు నీళ్ల చెంబు అందించాడు. ఆ పూట నేను ఎక్కువ మాట్లాడి ఉంటాను. బాతుల గురించి, అరటి గుంత గురించి, అడగనివన్నీ చెప్పాను.

మట్టి తొక్కుతుండగా ఇమ్మానుయేలు అన్నాడు: "మా అన్న గూడ గిదే చదువు చదివిండు సార్. నౌకరీ రాలే. ఇంట్ల కూసున్నడు." అందులో నన్ను తిట్టినట్టు లేదు. మీ అన్నకు ఈ కర్ర చూపించు అన్నాను. ఆయనకు ఎరికే సార్ అన్నాడు.

పని అయిపోయింది. వాళ్లు సద్ది మూటలు తీసుకుంటున్నారు. నేను కదలకుండా అక్కడే నిలబడి ఉన్నాను. అన్నానికి పిలుస్తారనే అనుకున్నాను. ఇమ్మానుయేలు దగ్గరికి వచ్చి, మెల్లగా, మర్యాదగా చెప్పాడు.

"ఇగ లోపల్కి పోండ్రి సార్. తొవ్వల పొయ్యేటోళ్లు ఎవరన్న చూస్తే మాకు మాటొస్తది."

వెళ్లి తలుపు వేసుకున్నాను. ఆ మధ్యాహ్నం కిటికీ దగ్గరికి పోలేదు. చాలా బాధేసింది, దాచుకోవాల్సిందేమీ లేదు. అతను అన్నదాంట్లో తప్పు వెతికాను, దొరకలేదు.

మూడో కందకం వారంలోపే పూర్తయింది. ఆ తర్వాత వాళ్లంతా హైదరాబాద్‌లో ఏదో సభకని వెళ్లారు. రూతమ్మ కూతురి కాన్పుకు ఆలూరు వెళ్లింది. అలాంటి ఒక సాయంత్రం వాన దిగింది. అది తొలకరిలా లేదు, కుండపోత. గొడుగు వదిలేసి వాలు మీదికి పరిగెత్తాను. మొదటి కందకం నిండింది, రెండోది నిండింది. మూడోది ఈ కొస నుంచి ఆ కొస దాకా, బండకు అటూ ఇటూ, ఒకే మట్టంలో నిండి నిలిచింది. గట్టు ఎక్కడా చెక్కుచెదరలేదు. దిగువన చెరువులోకి పోయే నీళ్లలో మట్టి రంగు లేదు. "నిలిచింది" అని గట్టిగా అరిచాను. చుట్టూ చూశాను. చెప్పడానికి ఎవరూ లేరు. తడిసిన బట్టలతో కాసేపు గట్టు మీద కూర్చుని లోపలికి వచ్చేశాను.

మొక్కలు నాటక ముందే నాకు బదిలీ వచ్చింది. వాటిని నాటింది ఆ కుర్రాళ్లే, కొత్తగా వచ్చిన స్థానిక అధికారితో కలిసి. హాస్టల్ తెరిచారని రూతమ్మ ఎవరిచేతో కబురు చేసింది. నేను మళ్లీ అటు వెళ్లలేదు.

తర్వాత నాలుగు జిల్లాల్లో పనిచేసి రిటైరయ్యాను. కొత్తగా చేరిన కుర్ర ఉద్యోగులు అడిగినప్పుడు నేను చెప్పేది ఇదే. మనుషులు మనల్ని దగ్గరికి రానివ్వకపోయినా పని జరుగుతుంది, సరిగ్గానే జరుగుతుంది. మన నుంచి వాళ్లకు కావలసింది అంతేనని ఒప్పుకుని చెయ్యాలి. దానికి జీతం ఇస్తారు. మన పని తట్టుకుని నిలిచిన రోజున పక్కన ఉండి చూసే మనిషిని మాత్రం ఏ శాఖా ఇవ్వదు.