ఠంగుమనని రాకెట్

నిన్న ఇక్కడ కెనడాలో, కిచెనర్ ఊళ్లో మనవరాలు టెన్నిస్ రాకెట్ తీగల మధ్య చిన్న రబ్బరు బిళ్ల దూర్చింది. అప్పటిదాకా ఠంగుమన్న రాకెట్ డప్పుమంది. ఆ చప్పుడు నాకు తెలుసు.

వార్నిష్ వాసన వేసే మన స్కూలు నాటి చెక్క రాకెట్లు గుర్తున్నాయా? ఫైనల్ రోజు సరళ నా తీగలకు సైకిల్ ట్యూబు ముక్క కట్టింది. "తెగకుండా కట్టానే. అయినా ఈ చప్పుడు విను, తీగలు చచ్చిపోయాయి, తెగేలా ఉన్నాయి. తెగితే మీ నాన్నగారు ఊరుకుంటారా?" అంది. అది నాన్నగారి రాకెట్. భయపడి తప్పుకున్నాను. నా బదులు సరళ ఆడింది.

"రబ్బరు పెడితే తీగలు పాడవవా?" అని మనవరాలిని అడిగాను.

"నో అమ్మమ్మా, జస్ట్ సౌండ్ ఛేంజ్ అవుతుంది."

సరళా, నువ్వూ మన స్కూలు వాట్సాప్ గ్రూపులోనే ఉన్నావు. లైకు కొట్టి తప్పించుకోకు. రబ్బరుతో చప్పుడు మాత్రమే మారుతుందన్న సంగతి నీకు ఆ రోజే తెలుసా? అవునో కాదో రాయి.