నీళ్ళు కారే చోటు

మా కాలనీ వాళ్ళు చలికాలం సరదాకని ఈ రోజు పొద్దున పార్కులో నిధి వేట పెట్టారు. చీటీలోని ఆనవాలు చూసి తర్వాతి చీటీ వెతకాలి. గెలిచినవాళ్ళకు ఇడ్లీ పాత్ర. నాకు జోడీ పక్కింటి నాగరత్నక్క. పోయినేడు మేమే ఆఖరు కాబట్టి ఈసారి ఎట్లాగైనా గెలవాలని ఆమె పట్టుదల.

చివరి చీటీలో "నీళ్ళు బొట్టుబొట్టుగా కారే చోట నిధి ఉంది" అని రాశారు. నేను పద్ధతిగా గోడ వెంబడి పార్కంతా చుట్టాను. ట్యాంకు కింద, పూలకుండీల వెనక చూశాను. ఎక్కడా తడి లేదు. మిగతా జోడీలూ బిక్కమొహాలతో తిరుగుతున్నాయి.

విసుగొచ్చి, ఆట పెట్టిన సుజాతమ్మే గేటు పక్క కొళాయి దగ్గరికి వచ్చింది.

"దీన్ని నేనే సన్నగా వదిలిపెట్టి పోయినా. బంద్ చేసిండేది ఎవురు?"

నాగరత్నక్క నా వైపు తిరిగింది. "లోపలికొస్తానే నువ్వే కదమ్మే బంద్ చేస్తివి. బిగుసుకోని ఉండాదని నా కొంగు గూడా అడిగితివి."

కొంగు అడగడం గుర్తుంది. కొళాయి కట్టేయడం మాత్రం ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు. నిధి దాని కిందే, ఇటుక చాటున ఉంది.

"చూడండి, ఇట్ల వదిలినా" అని సుజాతమ్మ మళ్ళీ కొళాయి తిప్పింది. నాలుగు బొట్లు పడ్డాయో లేదో, ముగ్గురు ఆడవాళ్ళు కట్టేయడానికి ఒకేసారి చెయ్యి చాపారు. అందులో ఒకటి నాగరత్నక్కది.

ఆట రద్దయింది. కట్టేయడం నా తప్పా, నీళ్ళకు ఇంత కరువున్న ఈ ఊళ్ళో అట్లాంటి ఆనవాలు పెట్టడం ఆమె తప్పా? నాకు తేలడం లేదు, మీరే చెప్పండి.