చాయ్‌తో కలిపి తాగేయాల్సిన మాట

మా గ్రేసక్క గురించి రాద్దామని కూర్చుంటే ముందు మా విశ్వవిద్యాలయం డీన్ వెంకట్రాం గారి మొహం గుర్తొస్తుంది. ఆ తర్వాతే అక్క మొహం. ఒక మంచి మనిషి సంగతి చెప్పాలన్నా ఇలాంటివాడిని దాటుకుని వెళ్లాలి. ఇంతకన్నా దరిద్రం ఉంటుందా? సరే, దాటుకునే వెళ్తాను.

నా పేరు కౌసల్య. జనగామ డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతాను. మా నాన్నది మార్కెట్లో ధాన్యం దుకాణం. హమాలీల కేకల మధ్య పెరిగినదాన్ని కాబట్టి నా గొంతు పెద్దది, నోరూ పెద్దదే. ఈ సంగతి నాకు ఎవరూ కొత్తగా చెప్పనక్కరలేదు.

మా కాలేజీ వెనక రెండు గదుల్లో విశ్వవిద్యాలయం వారి అధ్యాపక వికాస కేంద్రం ఉంది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి కాలేజీల్లో పాఠాలు చెప్పేవాళ్లకు ఇంకాస్త బాగా చెప్పడం ఎలాగో నేర్చుకోవడంలో సాయపడటం దాని పని. దానికి డైరెక్టర్ గ్రేసక్క. డైరెక్టర్ అనగానే ఏసీ గది, గుమ్మంలో అటెండరు అనుకునేరు! విశ్వవిద్యాలయం వాళ్లు ఇచ్చింది ఒక బోర్డు. మిగతావన్నీ అక్క తెచ్చుకున్నవే. గ్యాసు పొయ్యి, చాయ్ గిన్నె, మా కాలేజీ వాళ్లు పారేస్తే మేకులు కొట్టించుకున్న కుర్చీలు.

అక్కది కురవి దగ్గర పల్లె. తల్లి సత్తమ్మ కూలికి పోయి చదివించింది. ఆ ఊళ్లో రేకుల చర్చి ఒకటి ఉంది. ఆదివారం ప్రార్థన అయ్యాక ఎవరో ఒకరు లేచి సాక్ష్యం చెబుతారు. ఒకసారి సత్తమ్మ లేచి, "నిన్న నా యారాలిని నోటికచ్చినట్టు తిట్టిన, తప్పు నాదే" అని అందరి ముందూ చెప్పేసిందట. ఇంకేముంది, రేపు బోరింగు దగ్గర అమ్మ పరువు పోతుందని అక్క హడలిపోయింది. పోలేదు. ఎవరూ ఆ మాట ఎత్తలేదు. ఆ యారాలే, అంటే తోడికోడలే, వచ్చి సత్తమ్మ బిందె ఎత్తి నెత్తిన పెట్టింది. అక్క ఆ సంగతి మరిచిపోలేదు.

మహబూబాబాద్‌లో ఏళ్లపాటు ఇంగ్లిషు చెప్పి, పోయిపోయి ఈ కేంద్రానికి వచ్చింది. అంతకుముందు ఇక్కడ శిక్షణ అంటే ఏమిటో నన్నడగండి, చెబుతాను. ఎవరో పెద్దాయన కారులో వస్తాడు, తెర మీద బొమ్మలు చూపిస్తాడు, మేం కళ్లు తెరుచుకుని నిద్రపోతాం. భోజనాలయ్యాక సర్టిఫికెట్ తీసుకుని ఇంటికి పోతాం. పిల్లలకు మాత్రం పాత పాఠమే, పాత గొడవే. అక్క అదంతా ఎత్తేసింది. నెలకో శనివారం మమ్మల్ని పిలిచి చాయ్ పోసి, ఒకే మాట అడిగేది.

"ఈ నెల ఏ పాఠం పాడైంది? జర చెప్పుండ్రి."

బాగా చెప్పిన పాఠం గురించి అడిగేది కాదు. చెడిపోయిన పాఠం కావాలి ఆమెకు. ఎక్కడ దారి తప్పింది, పిల్లల మొహాలు ఎప్పుడు మారాయి, మళ్లీ చెబితే ఎలా చెబుతావు? లేచి ఇక్కడే చెప్పు, మేమే పిల్లలం. అంతే. దానికి ఒకే ఒక్క నియమం. "ఈడ ఇన్న మాటను చాయ్‌తోని కలిపి తాగెయ్యాలె. బయటికి మోసుకపోవుడు లేదు." చాయ్ కప్పు తీసుకున్నావంటే ఒట్టు పెట్టినట్టే. సాక్ష్యం పద్ధతినే అక్క చాయ్ గిన్నెలో పోసిందన్నమాట.

మొదట్లో అందరం నవ్వాం. చాయ్ సెంటర్ అని పేరు కూడా పెట్టారు. కానీ నోళ్లు మెల్లగా తెరుచుకున్నాయి. భూపాలపల్లి నుంచి, బచ్చన్నపేట నుంచి బస్సులు మారి వచ్చేవాళ్లు. ఎక్కువమంది కాంట్రాక్టు లెక్చరర్లే. పర్మనెంటు ప్రొఫెసర్లు ఒక్కరంటే ఒక్కరు వస్తే ఒట్టు! వాళ్ల పాఠాలు పాడవ్వవు కాబోలు. చెబితే కదా పాడవ్వడానికి.

అలాంటి చోటికి అక్క డీన్‌ను పిలుస్తానంది. నేను కాళ్లా వేళ్లా పడ్డాను.

"అక్కా, పిల్లిని పిలిచి పాలకుండ అప్పజెప్పుడు గాదా గిది?"

"ఊకో కౌసల్యా. మనం దూరం పెడ్తె ఆయనకెట్ల తెలుస్తది? ఒక్కసారి కూసోని ఇంటె, అన్ని కాలేజీలల్ల గిట్లనే చేద్దామంటడేమో."

అదీ అక్క ఆశ. మనుషులు వింటే మారతారని ఆమెకు గట్టి నమ్మకం. రేకుల చర్చిలో పెరిగినవాళ్లకే అలాంటి నమ్మకం ఉంటుంది. ధాన్యం దుకాణంలో పెరిగిన నాకు లేదు.

డీన్ గారు వచ్చారు. నియమం విన్నారు, తలూపారు, చాయ్ తీసుకున్నారు. పక్కన మిర్చి బజ్జీలు కూడా లాగించారు. ఆ రోజు లేచి మాట్లాడింది ఐలేశ్. భూపాలపల్లి కాలేజీలో ఫిజిక్స్ చెప్పే కాంట్రాక్టు లెక్చరర్. సన్నగా, మాట్లాడేటప్పుడు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియని మనిషి.

"ఒకే రకం బల్బులు రెండు ఒకదాని ఎనుక ఒకటి ఒకే తీగల కలిపితె, మొదటిది ఎక్కువ ఎలుగుతది, రెండోది తక్కువ ఎలుగుతదని చెప్పిన మేడం. కరెంటు మొదటిదాంట్లనే కొంత ఖర్చయితదని అనుకున్న. రూప అనే పిల్ల లేసి, సార్, మీరు కలిపి చూసిండ్రా అన్నది. నాకు కోపమచ్చింది. కూసో, నాకే నేర్పుతవా అని గద్దరించిన. ఇంటికి పోయి కలిపి చూస్తె రెండూ ఒక్కతీరుగనే ఎలిగినయి. రాత్రంత నిద్ర పట్టలే. తెల్లారి బల్బులు క్లాసుకు తీస్కపోయి, రూప, నువ్వు అడిగిందే కరెక్టు, నాదే తప్పని అందరి ముందట చెప్పిన. గా దినం నుంచి క్లాసుల ఎన్ని చేతులు లేస్తున్నయో మేడం, ఆపలేకపోతున్న."

మేమంతా చప్పట్లు కొట్టాం. అక్క కళ్లు తుడుచుకుంది. డీన్ గారు కూడా చప్పట్లు కొట్టారు, నా రెండు కళ్లతో చూశాను. ఇంకో కప్పు చాయ్ అడిగి మరీ తాగారు.

ఆ నెల తిరగకుండానే ఐలేశ్‌కు మెమో వచ్చింది. "విద్యార్థులకు తప్పుడు విషయం బోధించినట్లు మీరే బహిరంగంగా అంగీకరించినందున, మీ కాంట్రాక్టును ఎందుకు కొనసాగించాలో తెలపండి." సంగతేమిటంటే, మూడు జిల్లాల్లో ఒక ఫిజిక్స్ పోస్టు తగ్గించాలని పైనుంచి మాట వచ్చింది. ఎవరిని తీసేయాలా అని చూస్తున్న డీన్ గారికి చేతిలో పెట్టినట్టు ఒకడు దొరికాడు. నోరు మూసుకున్నవాళ్లంతా భద్రం. నోరు తెరిచినవాడి మెడ మీద కత్తి. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

అక్క నన్ను వెంటబెట్టుకుని విశ్వవిద్యాలయానికి వెళ్లింది, బస్సు దిగి డీన్ గది దాకా గబగబా నడిచింది. ఆమె అంత వేగంగా నడవడం నేనెప్పుడూ చూడలేదు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"సార్, ఆడ ఇన్నది బయటికి పోవద్దని ముందే చెప్పిన గద."

"పరిపాలన చాయ్ కప్పుల మీద నడవదు మేడం," అన్నారాయన, అచ్చు పుస్తకం చదువుతున్నట్టు. "నా దృష్టికి వచ్చిన విషయాన్ని నేను విస్మరించలేను."

"మీ దృష్టికి రాలె. మీకు చెప్పుకున్నడు. గా రెండిటికి ఫరక్ లేదా? మీరు చాయ్ తాగిండ్రు సార్. ఒకటి గాదు, రెండు కప్పులు తాగిండ్రు!"

ఆయన ముసిముసిగా నవ్వారు. ఆ నవ్వు చూసి నేను ఊరుకుంటానా? అధ్యాపకుల సంఘం ఉంది, పేపర్లున్నాయి, మీ మిర్చి బజ్జీల సంగతితో సహా అందరికీ చెబుతానన్నాను. అప్పుడు ఆయన గొంతు కాస్త దిగింది.

"నేను మనసు లేని మనిషిని కాను. అది సరదాకి చెప్పిన కథ మాత్రమేనని, తాను అలాంటి పాఠం చెప్పనే లేదని ఐలేశ్‌తో రాయించండి. మెమో వెనక్కి తీసుకుంటాను. పోస్టు సంగతి ఇంకోచోట చూసుకుంటాం."

ఐలేశ్ మర్నాడు వచ్చాడు. అక్క డీన్ గారి మాట చెప్పి, తల దించుకుని, "రాసియ్యి ఐలేశ్" అంది. "ఇంట్ల నీ భార్య శాంతి ఉన్నది, చిన్న బిడ్డ ఉన్నది. నిన్ను నోరు తెరువుమన్నది నేను. నువ్వు రాస్తె నాకేం కోపం రాదు."

ఐలేశ్ చేతులు రెండూ జేబుల్లో పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు.

"నాకేం ఫికర్ లేదు మేడం, రాయమంటె రాస్త. మరి రూపకేం చెప్పాలె? అందరి ముందట నువ్వే కరెక్టన్న. ఇప్పుడు గది ఉత్త కథ అని రాసిస్తె, గీ సంగతి కాలేజీల తెల్వకుంట ఉంటదా? ఆ పిల్ల మల్ల ఎన్నడన్న చెయ్యి లేపుతదా?"

పొయ్యి మీద చాయ్ పొంగి మంట ఆరిపోయింది, ఎవరూ లేవలేదు. ఐలేశ్ రాయలేదు.

విచారణ పెట్టారు. డీన్ గారు, మరో ఇద్దరు ప్రొఫెసర్లు బల్లకు అటువైపు. ఇటువైపు ఐలేశ్, అక్క, సంఘం తరఫున నేను. అక్క తన సంచిలోంచి చెక్క మీద బిగించిన రెండు బల్బులు తీసి బల్ల మీద పెట్టింది. ఐలేశ్ క్లాసుకు పట్టుకెళ్లినవే.

"ప్లగ్గు పెట్టకముందే ఒక్క మాట అడుగుత. ఏ బల్బు ఎక్కువ ఎలుగుతది సార్?"

ఒకాయన కళ్లజోడు తుడుచుకున్నారు. ఇంకొకాయన కిటికీలోంచి బయటికి చూశారు. డీన్ గారిది స్వయానా ఫిజిక్స్. అయినా, "ఇది పరీక్ష హాలు కాదు మేడం" అన్నారు తప్ప జవాబు చెప్పలేదు. తెలియక కాదేమో. ఒకవేళ తప్పయితే? ఆ భయం మూడు మొహాల్లోనూ కనిపించింది.

"చూసిండ్రా!" అంది అక్క. "తప్పయితదేమోనని మీ అసుంటి పెద్దలే నోరు తెరుస్తలేరు. మీ మీద మెమో ఇచ్చెటోడు ఎవడూ లేకున్నా తెరుస్తలేరు. గీ పోరడు నలభై మంది పిల్లల ముందట తెరిచిండు. గాయిన్ని తీసేస్తె రేపు మీ కాలేజీలల్ల ఎవడు తెరుస్తడు సార్? తప్పు చెప్పినోనికి గాదు మీరు శిక్ష ఏసేది. దిద్దుకున్నోనికి!"

ప్లగ్గు పెట్టింది. రెండు బల్బులూ ఒకే తీరుగా వెలిగాయి. వాటిని ఆర్పమని కూడా ఎవరూ అనలేదు.

ఇక్కడితో న్యాయం గెలిచిందని రాయాలని నాకూ ఉంది. దున్నపోతు మీద వాన పడ్డట్టయింది. ఐలేశ్ కాంట్రాక్టు కొనసాగించలేదు. కారణం చోట మర్యాదగా "పని భారం తగ్గినందున" అని రాశారు. డీన్ గారు ఆ తర్వాత ఒక సదస్సులో, అధ్యాపకుల్లో నిజాయితీ గురించి గంటసేపు మాట్లాడారట. చెప్పేవి శ్రీరంగనీతులు, ఆ సామెత మిగతా సగం మీకు తెలుసు కాబట్టి రాయను.

తర్వాతి శనివారం కేంద్రంలో కుర్చీలన్నీ నిండాయి. ఒక్కరూ మానలేదు, ఎందుకంటే హాజరు తప్పనిసరి అని ఈసారి పైనుంచి ఉత్తర్వు వచ్చింది. అక్క ఎప్పటిలాగే అడిగింది. "ఈ నెల ఏ పాఠం పాడైంది?"

"అన్ని మంచిగనే అయినయి మేడం," అన్నాడు మహబూబాబాద్ కాలేజీ ప్రదీప్, గోడ వైపు చూస్తూ.

"నావి గూడ మంచిగనే అయినయి," అంది పక్కనున్నామె.

అలా వరుసలో అందరూ అదే మాట. గిన్నెలో చాయ్ మరుగుతోంది. అక్క లేచి వెళ్లి పొయ్యి కట్టేసి, గిన్నె మీద మూత పెట్టింది.

"చాయ్ లేదు," అంది. "చాయ్‌ల కలుపుకోని తాగేటి మాట ఒక్కటన్న ఉంటె గద పోసేది. పోయి రాండ్రి."

అందరూ తలలు వంచుకుని కూర్చున్నారు. వాళ్ల మీద నాకు కోపం రాలేదు, ప్రతి ఒక్కరికీ ఇంటి దగ్గర ఒక శాంతి, ఒక బిడ్డ ఉన్నారు. నా కోపమంతా ఆ రెండు కప్పులు తాగినవాడి మీదే. ఇంతలో తలుపు దగ్గర చప్పుడైంది. ఐలేశ్. భూపాలపల్లి బస్సు ఆలస్యమైనట్టుంది, చొక్కా అంతా దుమ్ము.

"నువ్వెందుకొచ్చినవయ్యా?" అంది అక్క. "నీకు ఈడ హాజరు లేదు గద."

"తెల్సు మేడం. ట్యూషన్ల చెప్తున్న ఇప్పుడు. నిన్న ఒక పాఠం మస్తు ఖరాబైంది. ఎవరికి చెప్పుకోవాలె నేను?"

అక్క మళ్లీ పొయ్యి వెలిగించి, మూత తీసి, ఒకే ఒక్క కప్పు నింపి అతని చేతికిచ్చింది. తలుపు దగ్గరికి వెళ్లి, లోపలి నుంచి గొళ్లెం పెట్టింది. ఆ తలుపుకు గొళ్లెం పెట్టడం నేను అదే మొదటిసారి చూశాను.

"చెప్పు ఐలేశ్," అంది.

అతను చెప్పడం మొదలుపెట్టాడు. సగంలో ప్రదీప్ లేచి, ఎవరినీ అడగకుండా, తన కప్పు తెచ్చుకుని పొయ్యి దగ్గర నిలబడ్డాడు.