కొబ్బరినూనె వాసన రాని పటం

ఈరోజు ఆదివారం. మూడో తరగతి చదివే మనవరాలి భారతదేశ పటం చూసి, అనుమానంతో ఇది రాస్తున్నాను. ఒక్క రబ్బరు మరకైనా లేదు. రేపు తరగతిలో టీచరమ్మ అట్లాసు చూడకుండా వేయమంటుందట.

భిలాయి ఉక్కు కర్మాగారం క్వార్టర్లలో పెరిగిన స్నేహితులారా, గుర్తుందా? కింది గీతలు కనబడేలా కాగితానికి కొబ్బరినూనె పూసి, అట్లాసు మీద పరిచి, చెయ్యి తిరిగేదాకా దిద్దేవాళ్ళం. పుస్తకాల సంచీ అంతా ఆ వాసనే.

"ఎవరేశారే ఇది?"

"కసమ్ సే, ఒట్టు, నేనే అమ్మమ్మా!"

"అయితే మన భిలాయి దగ్గరి నందిని గనులెక్కడో చూపించు."

బంగాళాఖాతంలో వేలు పెట్టింది.

"సముద్రంలో సున్నపురాయి తవ్వుతారేటే?"

పక్కనున్న మా అమ్మాయి వంటింట్లోకి జారుకుంది. చేతివేళ్ళకి పెన్సిలు మసి.

ఇక జరగవలసినవి:

1. తల్లి పెన్సిలు ముట్టకూడదు.
2. సాయంత్రంలోగా పిల్ల నూనె కాగితం మీద దిద్దాలి.
3. పుస్తకం నేను వాసన చూశాకే సంచీలోకి వెళ్ళాలి.