దుమ్ములో విత్తిన కొత్త జొన్న

అరవనాట నాగలాపురం పక్కన మా నల్లరేగడిలో వాన పడ్డాక విత్తుదామనుకుంటే గొర్రు బురదలో దిగబడుతుంది. అందుకే ముందే పొడి దుమ్ములో గింజ వేసి, మిగతా పని మబ్బుకు అప్పగిస్తాం. బడి మధ్యలో వదిలేసిన నాకు కూడా తప్పుల్లేకుండా వచ్చిన పాఠమిది.

ఆ ఏడు ప్రభుత్వ పరిశోధనా కేంద్రం నుంచి శాస్త్రవేత్త ఒకావిడ వచ్చి, ఎండకు తట్టుకునే కొత్త జొన్న విత్తనాలు మా వదినకిచ్చారు. కొన్నేళ్ళుగా వరసగా పైరు ఎండిపోతోంది. ఈసారీ మేతకు చొప్ప రాకపోతే వదిన ఎద్దుల్ని అమ్ముకోవాల్సిందే.

"వాన పడనివ్వండి, నేనే వచ్చి వరసలు వేయిస్తాను" అని అరవంలో చెప్పి ఆవిడ కోవిల్‌పట్టి బస్సెక్కారు. వదిన చెవులు విన్నాయి. చేతులు వినలేదు.

తర్వాత చిన్న జల్లు కురిసి, వెంటనే ఎండ కాసింది. గింజను మొలకెత్తించి మాడ్చేసే దొంగవాన అది. ఆవిడ టేపు, మేకులు పట్టుకుని దిగారు.

"విత్తనాలేవమ్మా?"

"బూమిలో బద్రంగా వుండాయి మేడమ్" అన్నాను. "తాళంచెవి వానకాడ వుంది."

"నోరు మూసుకో మర్దీ! తప్పైపోయింది మేడమ్. పొడినేలలో వేసేస్తిమి. మాకు అదిదా పళక్కం, తాతలనాటి అలవాటు."

ఆవిడ కోప్పడలేదు. కూర్చుని వేలితో మట్టి తవ్వారు. గింజ ఉబ్బకుండా, గట్టిగా ఉంది.

"సచ్చిపోయిందా?" వదిన వంగి గింజ చూసింది.

"తడి అందలేదో, మంచి వాన కోసం మొలకెత్తకుండా ఇదే ఆగిందో! మా దగ్గర కుళాయి ఉంది కదా, ఎప్పుడూ తడి నేలలోనే వేశాం. దుమ్ములో వేసి చూడాలని తోచనేలేదు."

"మా వూరి కుళాయీ మబ్బు జాతిదే మేడమ్. ఎప్పుడొస్తాదో దానికే తెలీదు" అన్నాను.

కొన్నాళ్ళకు అసలు వాన వచ్చింది. బురద ఆరి చేలోకి వెళ్ళేసరికి అక్కడక్కడా ఖాళీలున్నా, వరసలు పచ్చగా లేచాయి. ఆవిడ మళ్ళీ వచ్చి, మొలకల ఆకులు చిన్న చిన్న గొట్టాల్లోకి కత్తిరించుకున్నారు.

"ఆగే గుణం వీటిలో ఉందేమో జన్యువుల్లో వెతుకుతాం. వచ్చే రకాన్ని మొదటే పొడినేలలో వేసి చూస్తాం."

"వెతకండి తల్లీ. అయితే సొప్ప పొడుగ్గా వుండాల. గింజ చూసి మా ఎద్దులు మురిసిపోవు" అంది వదిన.

ఆవిడ నవ్వి, అదీ చూస్తామన్నారు.

ఆ వారమే విరుదునగర్ నుంచి ఎద్దుల బేరగాడు ఫోను చేశాడు. వదిన ఫోను నా చేతిలో పెట్టింది.

"ఇప్పుడు కుదరదన్నా" అన్నాను. "ఎద్దులు పైరుకు కావలి వుండాయి."

పక్కనుంచి వదిన, "కావలి వుంటే ఒక ఆకు మిగలదు, సరిగ్గా చెప్పరా!" అంటూ పగలబడి నవ్వింది.