మాట వాపసు తీసుకున్న నర్సమ్మ

కొత్త చీరల కట్ట విప్పగానే ముక్కుకు తగిలే గంజి వాసనకు ఇప్పటికీ నా ఛాతీ పొంగుతుంది. చేవెళ్ల బజారులో నాకంటే తెలివితక్కువ బేరం చేసినవాళ్లుంటే ముందుకు రమ్మనండి! సాఫ్ట్‌వేర్ జీతాలు మొయినాబాద్ తోటల్లో పెళ్లి పందిళ్లుగా లేస్తున్న రోజులవి. అజీజ్‌నగర్‌లో ఒక పెద్దింటి పెళ్లికి, చుట్టాలకు పెట్టే చీరలన్నీ మా దుకాణంలోనే కొనేలా ఒప్పించి, తీరా వాళ్లు సరుకు చూడటానికి వచ్చే రోజున షట్టరు దించేశాను. అందుకు కారణం సుగుణమ్మ.

ఆమె మా వైపు ఊళ్లు తిరిగే సర్కారు నర్సు. పిల్లల సూదులు, గర్భిణుల తూకాలు ఆమె పని. దుకాణానికి అసలు యజమాని అయిన మా అమ్మ, రొమ్ములో చిన్న గడ్డ తగులుతోందని ఒకసారి ఆమె చెవిలో వేసింది. "నొస్తున్నదా పెద్దమ్మా?" "లేదు బిడ్డా." "నొప్పి లేకుంటే ఫికర్ లేదు తీ." అమ్మ ఆ మాటను మడతపెట్టి దాచుకుని నిశ్చింతగా ఉంది.

కొన్ని నెలల తర్వాత, సరిగ్గా ఆ పెళ్లివారు రావాల్సిన పొద్దున, సుగుణమ్మ చెమటలు కక్కుతూ వచ్చింది. "జర లోపలికి రా పెద్దమ్మా" అంది. "గిరాకీ ఉన్నది. ఇక్కడనే చెప్పు" అంది అమ్మ. చీరలు చూస్తున్న ఆడవాళ్లంతా తలెత్తారు. "ఆ రోజు నేను నీకు తప్పు జెప్పిన. నొప్పి లేకున్నా చూపియ్యాలె. మొన్న ట్రైనింగ్‌ల జెప్పినంక నాకు నిద్ర పడ్తలేదు."

నాకు మండింది. అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదని బోర్డు వేలాడదీసిన వంశం మాది. "ఏం సిస్టర్, అందరి ముంగట తప్పని ఒప్పుకుంటే రేపు నీ సూదికి ఎవరొస్తరు?" అన్నాను. "రాకుంటే మానె. ఎవరెవరికి గట్ల జెప్పిన్నో అందరి ఇండ్లకు పోతున్న. సురంగల్‌ల ఇద్దరికి జెప్పి ఇటొచ్చిన." "సరే, పెళ్లిళ్లు అయిపోనీ. పై నెల పోతం" అన్నాను. "నీ బేరం ఆ గడ్డతోని ఆడు. అది ఆగుతనంటే నేనూ ఆగుత."

అమ్మ చేతిలోని చీర పక్కన పెట్టింది. "గది క్యాన్సరేనా బిడ్డా?"

"నాకు తెల్వదు పెద్దమ్మా. తెల్వదు గనకనే పట్నం దవాఖానకు పోదామంటున్న."

రంగు పోతుందా అంటే జన్మలో పోదని ప్రమాణం చేసే దుకాణంలో, తెలియదనే మాట అంత ధైర్యంగా నేనెన్నడూ వినలేదు. అమ్మ లేచి చెప్పులు వేసుకుంది. "షట్టరు దించు" అంది.

సర్కారు పరువు తీసిందని పైవాళ్లు సుగుణమ్మను పిలిపించి చీవాట్లు పెట్టారు. "నేర్పకుండ నన్నెట్ల పంపిన్రు సార్?" అని ఆమె ఎదురడిగింది. షాబాద్ వైపు బదిలీ చేశారు. నేను బాధపడబోతే, "ఆడ ఆడోళ్లు లేరా ఏంది?" అని నవ్వి బస్సెక్కింది.

ఇక లెక్క. పెళ్లి సరుకు ఎదురు దుకాణానికి పోయింది, ఆ గిరాకీ మళ్లీ మా గడప తొక్కలేదు. అమ్మకు ఒక రొమ్ము పోయింది. అమ్మ మిగిలింది, చాలా ఏళ్లు గల్లాపెట్టె ముందు కూర్చుని, నాకు బేరం చేతకాదని తిట్టింది. నిజమే, రంగు పోతుందా అంటే "తెల్వదమ్మా" అనడం అలవాటై ఇప్పటికీ బేరాలు పోగొట్టుకుంటున్నాను. అవి నా ఖాతా. మరి ఊరికే గడిచిపోయిన ఆ నెలలు? ముందే తెచ్చి ఉంటే కోత తగ్గేదేమో అన్నాడు డాక్టరు. వాటిని తన పేరున రాసుకోమంది సుగుణమ్మ. నేను రాయలేదు. భుజానికి సంచీ తగిలించి, ఏమీ నేర్పకుండా ఆమెను ఊళ్ల మీదికి తోలినవాళ్ల పేరున రాశాను. అది ఇంకా వసూలు కాలేదు.